ఏథెన్స్ కుమ్మరికి రోజెలా గడిచేది? పౌరులు నిజంగానే పని చేసేవారు కాదా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: క్రీ.పూ. ఐదో శతాబ్దపు ఏథెన్స్‌లో జరిగే నవల రాస్తున్నారు. కథానాయకుడు కుమ్మరి, ఆ ఊరి పౌరుడు. మీరు చదివిన చోటల్లా "పౌరులు ఒళ్లు వంచేవారు కాదు, పనంతా బానిసలదే, పౌరులు సభల్లో, తత్వచర్చల్లో పొద్దుపుచ్చేవారు" అనే ఉంది. మరి మీ కుమ్మరి పొద్దున లేచి ఏం చేయాలి?

కుండలు చేయాలండి. ఏథెన్స్ పౌరుల్లో ఎక్కువమంది రెక్కాడితే గాని డొక్కాడని వాళ్లే. చిన్న రైతులు, చెప్పులు కుట్టేవాళ్లు, రాళ్లు చెక్కేవాళ్లు, చేపలమ్మేవాళ్లు, యుద్ధ నౌకల్లో తెడ్డు వేసేవాళ్లు. సభకు వెళ్లడం, కోర్టులో కూర్చోవడం పని మధ్యలో ఇరికించుకునే ఇంకో పని, అంతే.

డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్లకు పైగా ప్రాచీన చరిత్ర చెప్పాను. మొదటి పదేళ్లు నేనూ మీరు చదివిన మాటే పాఠంగా చెప్పాను, కాబట్టి ఈ పొరపాటు ఎక్కడినుంచి వస్తుందో నాకు బాగా తెలుసు. చేతిపని మనిషిని దిగజారుస్తుందని రాసింది ప్లేటో, జెనోఫన్, అరిస్టాటిల్ లాంటివాళ్లు. ముగ్గురూ కలిగినవాళ్లే. ఊరి జమీందారు రాసిన డైరీ చదివి ఊరందరూ పల్లకీలో తిరిగేవారని అనుకుంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే. కోర్టులో చదివిన ప్రసంగాలు, భవన నిర్మాణ ఖర్చుల శాసనాలు, నేలలో దొరికిన సామాను చూస్తే వేరే ఊరు కనిపిస్తుంది.

ఉదాహరణకు ఊరి మధ్య కొండ అక్రోపోలిస్ మీద ఎరెక్థియన్ గుడి కట్టినప్పటి లెక్కలు రాతి మీద చెక్కించారు. క్రీ.పూ. 409 నుంచి 407 దాకా ఎవరికి ఎంత కూలి ఇచ్చారో అందులో ఉంది. స్తంభాలకు నిలువు గాడులు చెక్కే పనిలో పౌరుడు, మెటిక్ (అంటే బయటి ఊళ్ల నుంచి వచ్చి స్థిరపడ్డవాడు, ఓటు లేనివాడు), బానిస పక్కపక్కనే ఉన్నారు. అందరికీ రోజుకు ఒక డ్రాక్మా. తేడా ఒక్కటే, బానిస కూలి యజమాని చేతికి పోయేది.

అయితే మీరు చదివినదాంట్లో ఒక ముక్క నిజం ఉంది. పౌరుడికి పని చేయడం నామోషీ కాదు గానీ ఒకడి కింద ఏళ్ల తరబడి జీతానికి ఉండటం నామోషీ. అది బానిస బతుకుతో సమానం అనుకునేవారు. సొంత కొట్టు, సొంత సారె, సొంత చెక్క పొలం ఉంటే గౌరవం. అవేవీ లేనివాళ్లు రోజుకూలికి అగోరా (ఊరి నడిబొడ్డున ఉన్న సంత మైదానం) పక్కన హెఫైస్టస్ గుడి ఉన్న దిబ్బ దగ్గర నిలబడేవారు. మన అడ్డా కూలీలు చౌరస్తాలో నిలబడ్డట్టే. మీ కుమ్మరికి వ్యాపారం దెబ్బతినే ఘట్టం రాయాలనుకుంటే అతన్ని ఒక పొద్దున ఆ దిబ్బ దగ్గరికి పంపండి. అవమానం అంటే ఏమిటో చదివేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ముందు కాలం ఖాయం చేసుకోండి. నన్నడిగితే క్రీ.పూ. 420 మంచిది. 430లో మొదలైన మహమ్మారి ఊరిని ఊడ్చేసి వెళ్లింది, 421లో స్పార్టాతో సంధి కుదిరింది, యుద్ధంలో కోట గోడల లోపల తలదాచుకున్న రైతులు మళ్లీ పొలాలకు వెళ్లారు. ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు పోయి ఉంటారు. మీ పాత్రలందరికీ వెనక ఒక దుఃఖం ఉచితంగా దొరుకుతుంది.

ఇక ఇల్లు. సినిమాల్లో చూసే పాలరాయి మొత్తం గుళ్లకీ ప్రభుత్వ భవనాలకీ. మీ కుమ్మరి ఇల్లు రాతి పునాది మీద పచ్చి ఇటుక గోడ, పైన పెంకులు, మధ్యలో చిన్న వాకిలి. ఆ గోడలు ఎంత మెత్తనివంటే గ్రీకులో ఇళ్లు దోచే దొంగకు ఉన్న మాటకు అర్థం 'గోడ తవ్వేవాడు'. అచ్చంగా మన కన్నపు దొంగ! ఈ మాట క్లాసులో చెప్పినప్పుడు పల్లెల నుంచి వచ్చిన పిల్లలకు వెంటనే అర్థమయ్యేది, సిటీ పిల్లలకు మాత్రం కన్నం వేయడం అంటే ఏమిటో చెప్పాల్సి వచ్చేది. 431లో ప్లటియా ఊళ్లోకి శత్రువులు చొరబడితే, వీధిలోకి రాకుండా ఇళ్ల మధ్య గోడలకు కన్నాలు పెట్టుకుంటూ ఊరివాళ్లంతా ఒకచోట చేరారని ఆ కాలపు చరిత్రకారుడు థుసిడిడీస్ రాశాడు.

ఇంటి లోపలి సంగతులకు నాకు అన్నిటికన్నా నమ్మకమైన ఆధారం ఒక హత్య కేసు. యూఫిలెటస్ అనే అతను తన భార్యతో సంబంధం పెట్టుకున్నవాణ్ణి ఇంట్లోనే చంపాడు. కోర్టులో అతను చెప్పుకున్న సంజాయిషీని డబ్బుకు ప్రసంగాలు రాసిచ్చే లిసియస్ రాసిచ్చాడు, అది మనదాకా వచ్చింది. నేరం సంగతి పక్కన పెట్టి మధ్యలో దొర్లిన మాటలు చూడండి. వాళ్లది రెండంతస్తుల చిన్న ఇల్లు, ఆడవాళ్లు పైన, మగవాళ్లు కింద. బిడ్డ పుట్టాక, కడగడానికి భార్య మాటిమాటికీ మెట్లు దిగితే పడిపోతుందేమోనని భర్త ఆమెను కింద ఉంచి తాను పైకి మకాం మార్చాడు. ఒక రాత్రి తలుపు కిర్రుమంది. పొద్దున అడిగితే, బిడ్డ దగ్గరి దీపం ఆరిపోయింది, పక్కింటికి వెళ్లి వెలిగించుకొచ్చాను అంది. భర్త నమ్మాడు! అంటే పక్కింటి నుంచి నిప్పు తెచ్చుకోవడం అంత మామూలు సంగతి అన్నమాట. చంపే రాత్రి కూడా అతను ఇరుగుపొరుగును లేపి, దగ్గర్లోని కొట్లో కాగడాలు కొన్నాడు. ఆ వేళకు కొట్టు తెరిచే ఉంది. ఆ ఒక్క ప్రసంగం మూడుసార్లు చదవండి, మీ వీధి మీకు కనిపిస్తుంది.

మరుగుదొడ్డి గురించి ఎవరూ అడగరు, నేనే చెప్తాను. చాలా ఇళ్లలో కుండే దిక్కు. పెంట ఎత్తుకుపోయే మనుషులు ఉండేవారు, వాళ్లు దాన్ని కోట గోడకు 10 స్టేడియాల లోపల, అంటే సుమారు 1.8 కిలోమీటర్ల లోపల, పారబోయకుండా చూడటానికి అధికారులు ఉండేవారు. రిటైరయ్యాక ఏథెన్స్ వెళ్లి అగోరా మ్యూజియం చూశాను. అక్కడి మహా మహా వస్తువులన్నీ ఒక ఎత్తు, పసిపిల్లల కోసం చేసిన మట్టి పాటీ కుర్చీ ఒక ఎత్తు. కాళ్లు బయటపెట్టడానికి ముందువైపు రంధ్రం ఉంది. క్రీ.పూ. ఆరో శతాబ్దపుది. దాన్ని చేసింది మీ కుమ్మరి తాతే అనుకోండి.

తిండి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, నవలల్లో తప్పులు ఎక్కువగా దొర్లేది ఇక్కడే. పొద్దున్నే నీళ్లు కలపని ద్రాక్షసారాలో రొట్టె ముక్క ముంచుకుని తినేవారు. మధ్యాహ్నం ఏదో కొంచెం. అసలు భోజనం పొద్దుగూకే వేళ. ఆ భోజనాన్ని వాళ్లు సిటోస్, ఆప్సోన్ అని రెండుగా చూసేవారు. ఈ మాటలకు ఇంగ్లీషు పుస్తకాలు పేరాలకు పేరాలు వివరణ ఇస్తాయి గానీ తెలుగువాళ్లకు ఒక్క ముక్కలో అయిపోతుంది: సిటోస్ అంటే అన్నం, ఆప్సోన్ అంటే నంజుకునేది. బియ్యం వాళ్లకు లేదు కాబట్టి 'అన్నం' స్థానంలో బార్లీ పిండి ముద్దో గోధుమ రొట్టో ఉంటుంది. అట్టికా (ఏథెన్స్ చుట్టుపక్కల ప్రాంతం) నేలలో వాన తక్కువ, బార్లీ బాగా పండుతుంది. గోధుమ చాలావరకు నల్ల సముద్రం వైపు నుంచి ఓడల్లో రావాలి. పేదవాడి ఇంట్లో బార్లీ ముద్దే, మన సంగటి లాగా. నంజుకోవడానికి ఉల్లిపాయ, ఆలివ్ కాయలు, జున్ను, పప్పుల జావ, చేతిలో డబ్బుంటే చిన్న చేపలు. పొరుగు ప్రాంతం బొయోషియాలోని కోపాయిస్ చెరువు మలుగు చేపలు సంపన్నుల వంటకం. మాంసం చాలామందికి పండగల్లో గుడి ముందు బలి ఇచ్చినప్పుడే దొరికేది.

రొట్టె లేకుండా ఉత్త ఆప్సోనే తినే ఒక కుర్రాణ్ణి సోక్రటీస్ పంక్తిలో అందరి ముందూ ఆటపట్టించాడని జెనోఫన్ రాశాడు. అన్నం ముట్టకుండా చేపల పులుసు ఖాళీ చేసే బావమరిదిని మన ఇళ్లలో ఏమంటారో అదే. ఇంత చిన్న విషయంలో మనిషి గుణం కనిపెట్టేవారు. మీ నవలలో దుబారా మనిషిని చూపించాలంటే ఇది వాడుకోండి.

ఇప్పుడు డబ్బు. ఆరు ఓబోల్‌లు ఒక డ్రాక్మా. (సరదాకి: మన దమ్మిడీకి మూలపురుషుడు ఈ డ్రాక్మాయే. డ్రాక్మా సంస్కృతంలో ద్రమ్మమై, తర్వాత దామ్ అయి, దాని పిల్ల దమ్మిడీ అయింది.) పనితనం ఉన్నవాడికి రోజుకు డ్రాక్మా అన్నాను కదా. కోర్టులో జ్యూరీగా కూర్చుంటే మూడు ఓబోల్‌లు, అంటే అరరోజు కూలి. మనిషికి రోజుకు ఒక చోయినిక్స్ ధాన్యం లెక్క, లీటరు కంటే కాస్త ఎక్కువ. అలాంటివి 48 అయితే ఒక మెదిమ్నస్. తర్వాతి శతాబ్దపు కోర్టు ప్రసంగంలో మెదిమ్నస్ గోధుమకు మామూలు ధర 5 డ్రాక్మాలనీ, కరువులో 16కు ఎగబాకిందనీ ఉంది. ఆ 5 డ్రాక్మాల లెక్కే పట్టుకుంటే, నలుగురున్న ఇంటికి ఒక మెదిమ్నస్ పన్నెండు రోజులొస్తుంది, అంటే రోజుకు రెండున్నర ఓబోల్‌లు. జ్యూరీ డబ్బు తిండిగింజలకు సరిపోయి అర ఓబోల్ మిగులుతుంది. నూనె, చేప, చెప్పులు వేరే. అందుకే అరిస్టోఫనీస్ హాస్యనాటకంలో జ్యూరీలన్నీ ముసలాళ్లతో నిండి ఉంటాయి. సారె తిప్పగలిగే వయసువాడు మూడు ఓబోల్‌ల కోసం రోజంతా పోగొట్టుకోడు. ముప్పై ఏళ్లు నిండితేనే జ్యూరీ అర్హత, ఏడాదికి 6,000 మందిని ఎంచి పెట్టుకునేవారు. మీ కుమ్మరిని పంపాలంటే ముసురు పట్టి కుండలు ఆరని రోజుల్లో పంపండి, సహజంగా ఉంటుంది.

బట్టలకు జేబులు లేవు. చిల్లర నోట్లో పెట్టుకునేవారు! 422లో ఆడిన అదే నాటకంలో, కోర్టు నుంచి ఇంటికొచ్చిన ముసలాయన కాళ్లు కడిగి, ముద్దుపెట్టే నెపంతో కూతురు ఆయన నోట్లోంచి మూడు ఓబోల్‌ల నాణెం నాలుకతో లాగేస్తుంది. ఇంకోసారి ఎవరో చిల్లర బదులు చేప పొలుసులు చేతిలో పెడితే, చూసుకోకుండా నోట్లో వేసుకుని ఉమ్మేస్తాడు.

ఒక ఉచ్చు ఉంది, చూసుకోండి. సభకు వెళ్తే డబ్బిచ్చేవారని చాలాచోట్ల రాస్తారు. అది 403 తర్వాత వచ్చింది. 420లో మీ కుమ్మరి నిక్స్ కొండ మీది సభకు వెళ్తే చేతికొచ్చేది ఏమీ లేదు. అందుకే జనం అగోరాలో కబుర్లు చెప్పుకుంటూ కదిలేవారు కాదు. ఎర్ర రంగు పూసిన తాడు అడ్డంగా పట్టుకుని వాళ్లను సభ వైపు తోలేవారు, బట్టకు రంగంటిందంటే ఎగ్గొట్టబోయినట్టు లెక్క. ప్రజాస్వామ్యం పుట్టిన ఊళ్లో జనాన్ని ఓటుకు తోలాల్సి వచ్చిందని చెప్తే మా విద్యార్థులు పగలబడి నవ్వేవారు. పేర్ల పలకలు గుచ్చి జ్యూరీని ఎంచే రాతి లాటరీ యంత్రం కూడా మీ కథాకాలం తర్వాతిదే, దాన్నీ పెట్టకండి.

పని చోటు సంగతి. కుమ్మరులు ఉండే పేట కెరమైకస్, సిరామిక్ అన్న మాటకూ దానికీ మూలం ఒకటే. ఊరి వాయవ్యాన కోట గోడకు లోపలా బయటా ఉంటుంది. బయటివైపు శ్మశానం, దాని పక్క నుంచే రహదారి. నల్లటి నేపథ్యం మీద ఎర్ర బొమ్మలుండే ఏథెన్స్ కుండకు ఆ నలుపు రంగు పూస్తే రాదు. పలచని బంకమట్టి పూత పూసి, ఒకే ఆవంలో ముందు గాలి ఆడనిచ్చి, తర్వాత మూసి పొగలో ఉంచి, మళ్లీ గాలి వదలాలి. మూడో దశ ముందో వెనకో అయితే నెల కష్టం బూడిదే. అందుకే ఆవాలకూ కొలిములకూ వికారమైన ముఖాలు వేలాడదీసేవారు, దిష్టి తగలకుండా. దిష్టికి వాళ్ల మాట బస్కనియా. మీరు దిష్టిబొమ్మ అనే రాయండి, తప్పేం లేదు.

కొట్టు అంటే కబుర్లు కూడా. మంగలి కొట్టు, చెప్పుల కొట్టు, అత్తరు కొట్టు, వీటిలో కూర్చోని ఏథెన్స్‌వాడు లేడని ఒక వికలాంగుడు కోర్టులో తన కొట్టును సమర్థించుకుంటూ అన్నాడు. అగోరా హద్దురాయి పక్కన తవ్వకాల్లో చెప్పుల మేకులు, ఎముక రింగులు, సైమన్ పేరు గీసిన గిన్నె అడుగు దొరికాయి. సోక్రటీస్ ఒక సైమన్ అనే చెప్పులవాడి కొట్టుకు వచ్చి మాట్లాడేవాడని పాత రచనల్లో ఉంది. తత్వచర్చ కావాలంటే అక్కడ పెట్టండి, తోలు కంపు మధ్యలో. 413లో సిసిలీలో సైన్యం మొత్తం నాశనమైన కబురు మొదట విన్నది కూడా పిరేయస్ రేవులో ఒక మంగలేనని తర్వాతి కాలపు రచయిత ప్లూటార్క్ రాశాడు. పరుగున ఊళ్లోకి వచ్చి చెప్తే పుకారు పుట్టించాడని చిత్రహింస పెట్టారు పాపం, అసలు దూతలు వచ్చేదాకా.

ఇంటి ఆడవాళ్ల గురించి నా తప్పు ఒప్పుకోవాలి. "ఏథెన్స్ స్త్రీలు గడప దాటేవారు కాదు" అని ఏళ్ల తరబడి బోర్డు మీద రాయించాను. తర్వాత ఒక పౌరసత్వ కేసు ప్రసంగం చదివాను. ఒకతని తల్లి సంతలో రిబ్బన్లు అమ్మేదనీ, అంతకుముందు వేరేవాళ్ల బిడ్డకు పాలిచ్చే దాదిగా ఉందనీ, కాబట్టి ఆమె పౌరురాలై ఉండదనీ ఎదుటివాళ్లు ఎత్తిపొడిచారు. పేదరికం వల్ల చేసింది, అది నేరమా అని కొడుకు అడిగాడు. అంతేకాదు, అగోరాలో పని చేస్తున్నారని పౌరుణ్ణి గానీ పౌరురాలిని గానీ ఎగతాళి చేస్తే శిక్షించే చట్టమే ఉందని గుర్తుచేశాడు. అలాంటి చట్టం అవసరమైందంటే పని చేసేవాళ్లూ ఉన్నారు, ఎగతాళి చేసేవాళ్లూ ఉన్నారు. పేదవాళ్ల భార్యల్ని బయటికి రాకుండా ఎవరు ఆపగలరని అరిస్టాటిలే విసుక్కున్నాడు. మీ కుమ్మరి భార్య నీళ్లకు వెళ్తుంది, ఉన్ని వడుకుతుంది, కొట్లో కుండలూ అమ్ముతుంది. ఓటు లేదు, సొంతంగా ఒక మెదిమ్నస్ బార్లీ విలువకు మించి బేరం చేయడానికి చట్టం ఒప్పదు. పెళ్లినాటికి ఆమెకు పద్నాలుగో పదిహేనో, అతనికి ముప్పై దగ్గర. ఇంకోటి, కోర్టులో గౌరవమైన ఇంటి ఆడమనిషి బతికుండగా పేరు పలకరు, ఫలానావాడి భార్య అంటారు. సంభాషణలు రాసేటప్పుడు గుర్తుంచుకోండి.

బానిసల్ని మాత్రం కథకు అలంకారంగా పెట్టకండి. 414లో ప్రభుత్వం జప్తు చేసి వేలం వేసిన ఆస్తుల జాబితా శాసనంగా దొరికింది. అందులో కెఫిసొడొరస్ అనే మెటిక్ ఇంటి బానిసలు వరసగా ఉన్నారు: థ్రేస్ స్త్రీ 165 డ్రాక్మాలు, సిరియా మగవాడు 301, కారియా చిన్న పిల్లవాడు 72. ఎవరికీ పేరు లేదు, ఏ దేశపువాళ్లో ఉంది, అంతే. ఆ లెక్క ప్రకారం మీ కుమ్మరి ఏ ఖర్చూ లేకుండా రెండున్నర నెలలు కూలి దాస్తే ఆ పిల్లవాణ్ణి కొనగలడు. కొట్లో మట్టి తొక్కడానికి అలాంటి ఒకడు ఉండే అవకాశం చాలా ఉంది. కథానాయకుడు మంచివాడు కాబట్టి బానిసను కొనడు అని రాస్తే అది మన కాలపు మనిషి అవుతాడు. లారియన్ వెండి గనుల్లో బతుకు ఇంతకన్నా ఘోరం. నికియస్ అనే ధనవంతుడు వెయ్యిమందిని తలకు రోజుకు ఒక ఓబోల్ చొప్పున గనులకు అద్దెకిచ్చాడు.

ఇదంతా ఏథెన్స్ సంగతి. వెయ్యికి పైగా ఉన్న గ్రీకు నగర రాజ్యాల్లో ఇదొకటి. స్పార్టా పౌరుడైతే నిజంగానే చేతిపని ముట్టుకోడు, పొలం హెలట్లు (అక్కడి వెట్టి రైతులు) దున్నుతారు. మీరు చదివిన "పౌరులు పని చేయరు" అన్నది అక్కడికి సరిపోతుంది.

చివరగా, కుమ్మరికి ఏం పేరు పెట్టాలని కూడా అడిగారు. పెద్దకొడుక్కి తండ్రివైపు తాత పేరు పెట్టడం వాళ్ల ఆనవాయితీ, మన ఇళ్లలో లాగే. ఇంటిపేరు లేదు, కానీ పేరు పక్కన తండ్రి పేరు, డీమ్ పేరు చెప్తారు. డీమ్ అంటే పల్లెనో పేటనో అనుకోండి. 508 ప్రాంతంలో క్లైస్తెనీస్ ఏర్పాటు చేసినప్పుడు తాతముత్తాతలు ఎక్కడ నమోదయ్యారో అదే వంశమంతటికీ, తర్వాత ఎక్కడికి మకాం మార్చినా. మన ఊరిపేర్లు ఇంటిపేర్లయి, ఆ ఊరు ఎన్నడూ చూడనివాళ్లకు కూడా అంటుకున్నట్టు. కాబట్టి మీ కుమ్మరి కెరమైకస్‌లో పుట్టి పెరిగినా అతని డీమ్ ఎక్కడో కొండల దగ్గరి అఖార్నై కావచ్చు, అక్కడి బొగ్గులు కాల్చేవాళ్లు వరసకు బాబాయిలు కావచ్చు. ఆవానికి బొగ్గు అరువు తెచ్చే సీను మీకు అక్కడ దొరుకుతుంది.

మీరు పెట్టిన మొదటి అధ్యాయంలో భార్య టమాటాలు తరుగుతోంది, అది మాత్రం ఈ రోజే తీసేయండి.